ముంజకాయల బండితో మొదలుపెట్టాం

అంగన్‌వాడీలో ఆరేళ్లలోపు పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం, పేరు పెట్టి పిలిచినా మా బాబు తిరిగి చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపకపోవడం గమనించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీకి) పంపింది. ఆటిజం అని తేలిన తరువాత మా కోనసీమ బంధువులంతా మాటలెప్పుడు వస్తాయనే అడిగారు. వాడు ఏమి ఆడుతాడని మొదట అడిగినది ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని సహిత విద్య ఉపాధ్యాయురాలు.

ముంజెలు తీసేసిన తాటికాయలకు పుల్ల గుచ్చి మా మామగారు బండి చేసిస్తే, వాడు దానిని తోసేవాడు కాదు. తిరగేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక్క చక్రాన్నే అదే పనిగా తిప్పేవాడు. చేతిలోది లాక్కోకుండా, అచ్చం అలాంటి బండే ఇంకొకటి చేయించుకుని, ఎదురుగా నేల మీద కూర్చుని వాడు తిప్పినట్లే తిప్పమని మేడమ్‌ చెప్పారు. "మాన్పించాల్సింది పోయి నువ్వూ మొదలెట్టావా అమ్మాయ్‌?" అని మా అత్తగారు విస్తుపోయారు. వాడు ఆపితే నేనూ ఆపేదాన్ని, వాడు తిప్పితే తిప్పేదాన్ని. కొన్నాళ్లకు నా చక్రం ఆగినప్పుడు వాడు తలెత్తి నా ముఖంలోకి చూసి, నా చేతిని పట్టుకుని చక్రం మీద పెట్టాడు. మాటకన్నా ముందు రావలసినది ఇదేనని మేడమ్‌ అన్నారు. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తుంది.

"నీ వంతు, నా వంతు" త్వరగానే పట్టుబడింది. ఊహించి ఆడడం మాత్రం చాలా కాలం పట్టింది. బండికెత్తమని కొబ్బరి పిందెలిస్తే వరుసగా పేర్చుకునేవాడు. ఆ వరుస చెరపకుండా, చివరి పిందెను మాత్రం నా బండిలో వేసి "అంబాజీపేట మార్కెట్టుకు" అంటూ తోసుకుపోయేదాన్ని.

అంగన్‌వాడీలో వాడిని గుంపులో కూర్చోబెట్టవద్దని, పక్కన ఒక్క బిడ్డనే, అవే బొమ్మలతో కూర్చోబెట్టమని కోరాం. పసిపిల్లలు కలిసి ఆడడానికి ముందు పక్కపక్కన ఎవరి ఆట వారు ఆడుకుంటారని పిల్లల ఆటలను పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్‌ పార్టెన్‌ 1932లోనే రాశారు. అందరిలోకీ వచ్చే దారి కాళ్లాగజ్జా ఆటలో దొరికింది: ప్రతిసారీ అవే మాటలు, అదే వరుస, తన కాలి వంతు ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. ఇద్దరితో చివరిదాకా కూర్చుంటున్నాడు. నలుగురైతే లేచిపోతాడు కనుక, ముందు మూడో బిడ్డను చేర్చి చూడాలని అనుకున్నాం.