స్లీప్ స్టడీ రిపోర్టు చదవడం నేర్చుకుంటున్నాను: ఇప్పటివరకు

రిపోర్టు వచ్చిన వారం

ల్యాబ్‌లో రాత్రి నిద్రను రికార్డు చేసి ఇచ్చిన నా రిపోర్టు మొదటి పేజీలో ఒక్కటే లైను: ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా సన్నబడింది అన్న లెక్క) 22, మోడరేట్ అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే సమస్య. మిగతా పేజీల నిండా టేబుళ్లు, గ్రాఫులు. వాటిని అర్థం చేసుకోవడమే ఇప్పుడు నా వ్యాపకం. సాయంత్రం పూట కాసేపు కూర్చుని, తెలిసినంత వరకు నోటుబుక్కులో రాసుకుంటున్నాను. అదే స్థితిలో ఉన్న ఇంకెవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఆ 22 ఎలా వచ్చిందో చూశాను. నేను నిద్రపోయింది 370 నిమిషాలు. ఊపిరి ఆగినవి, అంటే అప్నియాలు, 34. ఊపిరి సన్నబడినవి, అంటే హైపాప్నియాలు, 102. మొత్తం 136 ఈవెంట్లను నిద్రపోయిన గంటలతో భాగిస్తే 22. గంటకు 5 లోపు ఉంటే నార్మల్, 15 లోపు మైల్డ్, 30 లోపు మోడరేట్, ఆపైన సివియర్.

అప్నియా అనాలంటే గాలి కనీసం 90 శాతం తగ్గి, 10 సెకన్లయినా అలాగే ఉండాలి. హైపాప్నియాకు 30 శాతం తగ్గినా చాలు, కానీ దాంతో పాటు రక్తంలో ఆక్సిజన్ పడటం లాంటి ఇంకో గుర్తు కూడా ఉండాలి. ఆ గుర్తు ఏమిటి, ఆక్సిజన్ ఎంత పడాలి అన్న దగ్గర రెండు రూల్స్ ఉన్నాయి. ఒకదాని ప్రకారం 3 శాతం పడినా, ఆక్సిజన్ పడకుండా మెదడు కొన్ని సెకన్లు మేల్కొన్నా లెక్కలోకి వస్తుంది. రెండోదాని ప్రకారం 4 శాతం పడి తీరాలి, మెదడు మేల్కోవడంతో పని లేదు. నా 136లో 102 హైపాప్నియాలే కాబట్టి రెండో రూల్ వాడి ఉంటే నా నంబరు తగ్గేది. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చే ముందు ఏ రూల్‌తో స్కోర్ చేశారో కచ్చితంగా చూడండి.

ఇంట్లో చేసుకునే టెస్టుకూ ఇలాంటి తిరకాసే ఉంది. చాలావాటిలో తలకు వైర్లు ఉండవు కాబట్టి నిజంగా ఎంతసేపు నిద్రపోయామో వాటికి తెలియదు, రికార్డింగ్ సమయం మొత్తంతో భాగిస్తాయి. నా రికార్డింగ్ 460 నిమిషాలు. అదే 136ను దాంతో భాగిస్తే 18 లోపే వస్తుంది. మెదడు మేల్కొన్నవి అసలు కనిపించవు కాబట్టి ఇంకా తగ్గవచ్చు. ఇంటి టెస్టు నార్మల్ అని వచ్చినా గురక, పగటి నిద్రమత్తు పోకపోతే ల్యాబ్ టెస్టు అడగడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

పొజిషన్ టేబుల్

రిపోర్టు మొత్తంలో నాకు ఎక్కువ ఉపయోగపడిన పేజీ ఇదే. వెల్లకిలా పడుకున్న 150 నిమిషాల్లో 105 ఈవెంట్లు, అంటే గంటకు 42. పక్కకు తిరిగి పడుకున్న 220 నిమిషాల్లో 31 మాత్రమే, గంటకు 8.5. ఒక్కో పొజిషన్‌లో గడిపిన సమయాన్ని బట్టి లెక్కిస్తే, ఆ 22 ఈ రెండింటి సగటు. వెల్లకిలా పడుకుంటే నాది సివియర్, పక్కకు తిరిగితే మైల్డ్! నాలుక, మెత్తని అంగిలి వెనక్కి జారి దారి మూసేస్తాయి కాబట్టి ఇలా జరుగుతుంది. ఈ టేబుల్ చూపించి అడిగాకే డాక్టర్ గారితో పొజిషన్ గురించి వివరంగా మాట్లాడగలిగాను.

దాని పక్కనే రెమ్ నిద్ర లెక్క ఉంది: గంటకు 38. కలలు ఎక్కువగా వచ్చే ఆ దశలో గొంతు కండరాలు బాగా వదులవుతాయి. రెమ్ తెల్లవారుజామున ఎక్కువ కాబట్టి, మాస్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మెషీన్ వాడేవాళ్లు నాలుగు గంటలు వాడి మాస్కు తీసేస్తే అసలు అవసరమైన సమయంలోనే అది లేకుండా పోతుంది.

ఆక్సిజన్ దగ్గర అందరూ కనిష్ఠ విలువే చూస్తారు. నాది 81 శాతం. నేను మాత్రం 90 శాతం కంటే తక్కువలో గడిపిన సమయాన్ని ఎక్కువగా పట్టించుకుంటాను. వేలి క్లిప్పు కాస్త జారినా ఒక చెత్త విలువ పడుతుంది, కానీ నాకు వచ్చిన 24 నిమిషాలు క్లిప్పు జారితే వచ్చేవి కావు.

గ్రాఫులు

ముప్పై సెకన్ల పేజీలో స్కోర్ చేసేవాళ్లకు కనిపించేది మనకు కనిపించదు. రెండు నుంచి ఐదు నిమిషాల నిడివిలో చూస్తే తేలిక. ముక్కు దగ్గర గాలి గీత చదునుగా అయిపోతుంది. ఛాతీ, పొట్ట బెల్టులు మాత్రం కదులుతూనే ఉంటాయి, అదీ ఒకటి పైకి లేస్తే ఒకటి కిందికి. ఊపిరి కోసం ఒళ్లంతా పెనుగులాడుతున్నా గొంతు మూసుకుపోయిందన్నమాట. ఇదే అబ్‌స్ట్రక్టివ్. సెంట్రల్ అప్నియాలో బెల్టులు కూడా కదలవు, ఎందుకంటే ఊపిరి పీల్చమన్న ఆదేశమే మెదడు నుంచి రాదు. నా 34లో అలాంటివి మూడే.

ఆక్సిజన్ గీత మాత్రం ఆలస్యంగా పడుతుంది. ఊపిరితిత్తుల్లోని రక్తం వేలి కొసకు చేరాలి కదా! గాలి మళ్లీ మొదలయ్యాక ఆక్సిజన్ అట్టడుగుకు చేరడం చూసి మొదట అయోమయపడేవాళ్లు చాలామందే ఉంటారు.

మెషీన్ వచ్చాక

నాకు ఆటో సీప్యాప్, అంటే ప్రెషర్‌ను అవసరాన్ని బట్టి తానే మార్చుకునే మెషీన్, ఇచ్చారు. ప్రెషర్ 4తో మొదలైతే గాలి చాలనట్టు అనిపించింది. డాక్టర్ గారిని అడిగి కనిష్ఠాన్ని 7కి పెంచుకున్నాక ఆ ఇబ్బంది పోయింది. మాస్కు పట్టీలను కూర్చుని కాకుండా, పడుకుని, గాలి ఆన్ చేసి సరిచేసుకోవాలి. కుషన్‌ను రోజూ కడగాలి, చర్మపు జిడ్డు ఉంటే లీకు పెరుగుతుంది. మెషీన్‌ను తలకంటే కింద పెడితే గొట్టంలో చేరిన నీరు ముఖం మీదికి రాదు.

డేటా చూడటానికి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఎస్‌డీ కార్డు కంప్యూటర్‌లో పెట్టే ముందు దాని పక్కనున్న చిన్న లాక్ జరపాలి, లేకపోతే కంప్యూటర్ దాని మీద ఏవో ఫైళ్లు రాస్తుంది. తిరిగి మెషీన్‌లో పెట్టేటప్పుడు లాక్ తీయడం మరవకూడదు.

మెషీన్ చూపించే ఏహెచ్‌ఐ ఇప్పుడు 3 లోపే ఉంటోంది. ల్యాబ్ 22తో దాన్ని నేరుగా పోల్చను. మెషీన్‌కు గాలి ప్రవాహం తప్ప మెదడు తరంగాలు తెలియవు, మెలకువలో అటూ ఇటూ కదిలినా ఒక్కోసారి ఈవెంట్‌గా రాసుకుంటుంది. అందుకే ముందు లీకు, ఆ తర్వాత ఈవెంట్లు చూస్తాను. లీకు ఎక్కువున్న రాత్రి నంబర్లను నమ్మను. దీంతో పాటు పగటి నిద్రమత్తు కొలిచే ఎప్‌వర్త్ స్కోరు కూడా రాసుకుంటున్నాను. 24కి 15 ఉండేది, 7కి దిగింది. 10 దాటితే ఎక్కువ కింద లెక్క.

తర్వాతి పని ఫ్లో లిమిటేషన్ గీతలు. ఈవెంట్‌గా లెక్కలోకి రాకపోయినా ఊపిరి శిఖరం చదునుగా ఉన్న చోట్లు నాకు వెల్లకిలా ఉన్న సమయంలోనే వస్తున్నాయా అన్నది తేల్చాలి. మెషీన్‌కు పొజిషన్ తెలియదు కాబట్టి, ఒంటికి పెట్టుకునే పొజిషన్ రికార్డర్ ఒకటి తీసుకుని, దాని సమయాన్ని మెషీన్ గడియారంతో కలపాలి. ఆ రెండూ కలిశాక గ్రాఫులతో మళ్లీ రాస్తాను.