606 రావాల్సిన ఓడ 570 దగ్గర ఆగింది: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి చివరి దారం కట్టాను. అట్లాంటిక్ కన్వేయర్ మోడల్ పూర్తయింది. ఐదు నెలల్లో అయిపోవాల్సిన పని ఏడాది దాటింది. ఆ మిగతా నెలలన్నీ మా బరంపురంలో ఒక ప్రింటింగ్ షాపు మింగేసింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఓడ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం. అది బ్రిటన్ కంటైనర్ ఓడ. 212 మీటర్ల పొడవు. గోపాలపూర్ దగ్గర లంగరేసి నిలబడతాయే, అలాంటి సరుకు ఓడే. 1982లో అర్జెంటీనాతో ఫాక్లాండ్స్ దీవుల కోసం యుద్ధం రాగానే ప్రభుత్వం దాన్ని తీసుకుని, కొద్ది రోజుల్లోనే విమానాలు మోసేలా మార్చింది. డెక్‌కి రెండు పక్కలా కంటైనర్లు గోడల్లా పేర్చి, గాలీ ఉప్పునీరూ తగలకుండా మధ్యలో హారియర్ విమానాలు, చినూక్, వెసెక్స్ హెలికాప్టర్లు పెట్టారు. మే 25న రెండు ఎక్సోసెట్ క్షిపణులు తగిలి తగలబడింది. కెప్టెన్ ఇయాన్ నార్త్‌తో కలిపి 12 మంది పోయారు. మూడు రోజులకు ఓడ మునిగిపోయింది. హెలికాప్టర్లు కాలిపోవడంతో సైనికులు మూటలు వీపున వేసుకుని ఆ చలిలో నడిచారు. యుద్ధనౌకల మోడళ్లు అందరూ చేస్తారు. బరువు మోసిన ఓడని ఎవరూ పట్టించుకోరు. నేను చెయ్యాలనుకున్నది అందుకే.

1:350 స్కేలు, అంటే అసలు ఓడలో 350వ వంతు, ఎంచుకున్నాను. ప్లాను ఇంటర్నెట్‌లో డబ్బు పెట్టి కొన్నాను. ప్లాస్టిక్ షీటుతో అడ్డ ఫ్రేములు కోసి, పైన పలకలు అతికించి, పుట్టీ పెట్టి, ఎమెరీ పేపరుతో రుద్దడం, ఇవన్నీ నాకు చేతి అలవాటు. ముప్ఫై ఏళ్లు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పినవాణ్ణి. హల్, అంటే ఓడ ఒళ్లు, రెండు నెలల్లో అద్దంలా వచ్చింది.

తిప్పలు కంటైనర్లతో మొదలయ్యాయి. 20 అడుగుల కంటైనర్ ఈ స్కేల్లో 17.3 మిల్లీమీటర్లు ఉండాలి. లెక్క వేసి, వెర్నియర్‌తో చూసి కోశాను. ప్లాను మీద పెడితే గీత దాటి ఒక మిల్లీమీటరు బయటికొస్తోంది. నా రంపం పట్టు తప్పిందేమో అనుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటీ ఆకురాయితో అరగదీశాను. తర్వాత చినూక్‌లు వచ్చాయి, ఆన్‌లైన్‌లో కొన్న రెడీమేడ్‌వి. 44 మిల్లీమీటర్లు ఉండాలి, అంతే ఉన్నాయి. ప్లాను మీద మాత్రం వాటి బొమ్మ 42 కూడా లేదు. అప్పుడైనా నాకు వెలగలేదు. కంపెనీ వాడు తప్పు చేశాడనుకున్నాను.

ఠాకురాణీ యాత్రకి ఊరొచ్చిన నా పాత స్టూడెంట్ ఒకడు ఇంటికొచ్చాడు. విశాఖలో ఓడల పనే చేస్తున్నాడు. హల్ చేతిలోకి తీసుకుని చాలాసేపు మెచ్చుకున్నాడు. తర్వాత నా టేబుల్ మీది స్టీల్ స్కేలుతో ముందు నుంచి వెనక దాకా కొలిచాడు. అర నిమిషం పట్టిందేమో.

"మాస్టారూ, ఇది ఏ స్కేలండీ?"

"మూడొందల యాభై."

"606 మిల్లీమీటర్లు రావాలి కదండీ. 570 ఉంది."

మా ఆవిడ, మనవడు, ఆ స్టూడెంట్‌తో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు అక్కడే ఉన్నారు. స్టూడెంట్ తప్పేం లేదు, మెల్లగానే చెప్పాడు. "ముందు మొత్తం కొలవరా, తర్వాత ముక్కలు కొలువు" అని వాడికి నేర్పింది నేనే. ఆ రాత్రి అన్నం సయించలేదు.

కంప్యూటర్లో ప్లాను తెరిచి చూస్తే సంగతి బయటపడింది. షాపు కుర్రాడు ఫిట్ టు పేజ్ పెట్టి ప్రింటు తీశాడు. కాగితంలో పట్టించడానికి మెషీను బొమ్మ మొత్తాన్ని 94 శాతానికి కుదించింది. ఆ కాగితం మీద పెట్టి కోసిన ప్రతి ఫ్రేమూ తప్పే.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని షాపుకి వెళ్లాను. యజమాని చూడనైనా చూడలేదు. "ప్రింటు అడిగారు, ఇచ్చాం. కొలతలు మీరు చూసుకోవాలి" అన్నాడు. తీసే ముందే అసలు సైజులో కావాలని మీ కుర్రాడికి చెప్పానన్నాను. "ఈ వయసులో బొమ్మ పడవకి ఇంత గొడవేంటి తాతా" అని క్యూలో ఉన్నవాళ్ల వైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. ముప్ఫై ఏళ్లలో నన్ను అంత మాట అన్నవాడు లేడు. పని తెలియకపోవడం తప్పు కాదు, పనంటే లెక్కలేకపోవడమే తప్పు. ఆ షాపు గడప మళ్లీ తొక్కలేదు.

మీరు ప్లాను ప్రింటు తీయిస్తుంటే యాక్చువల్ సైజ్ అనే మాట చెప్పి ఊరుకోకండి. కుర్రాడి పక్కన నిలబడి స్క్రీన్ మీద వంద శాతం అని కళ్లతో చూడండి. స్కేలు జేబులో పెట్టుకెళ్లండి. ప్లానులో ఉన్న కొలత గీతని కౌంటర్ మీదే కొలిచి, అప్పుడు డబ్బులివ్వండి.

హల్ మళ్లీ మొదటి నుంచి కట్టాను. అరగదీసిన కంటైనర్లు పారేసి కొత్తవి కోశాను. రంగులు వారంలో అయిపోయాయి.

స్తంభాల మధ్య తాళ్లకి నైలాన్ దారం వాడకండి, చుట్ట తిరిగిపోతుంది. మా వీధి చివర పట్టు నేసే ఇంట్లో పిన్నిగారు కండె నుంచి ఒక పోగు తీసి, గోటితో విడదీసి, అందులో సన్నదాన్ని నా చేతిలో పెట్టారు. వెంట్రుక కంటే పల్చన. గంజిలో ముంచి, బిగించి కట్టి ఆరబెడితే తీగలా నిలబడింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

నేను చూపించింది మే 25 నాటి డెక్. హారియర్లు అప్పటికే ఎగిరి యుద్ధనౌకల మీదికి చేరిపోయాయి. కాలిపోయిన మూడు చినూక్‌లనీ డెక్ మీద అతికించాను. నాలుగోది, బ్రావో నవంబర్ అని పిలిచే చినూక్, దాడి జరిగినప్పుడు గాల్లో ఉంది కాబట్టి మిగిలింది. దాన్ని ఆ పట్టు పోగుతోనే గాజు పెట్టె పైకప్పుకి వేలాడదీశాను. పక్కన స్టీల్ స్కేలు పెట్టి ఫొటో తీసి విశాఖకి పంపాను. 606.