బాంబేలో కొట్టిన డాలర్ అసలుదని తేల్చుకోవడానికి నేను పడ్డ పాట్లు

నిన్న రాత్రే తేలింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాసేస్తున్నా.

హైదరాబాద్‌లో ఒక నాణేల ఎగ్జిబిషన్‌లో 1902 నాటి బ్రిటిష్ ట్రేడ్ డాలర్ అనే వెండి నాణెం కొన్నాను. బేరం, బిల్లు అన్నీ సాఫీగా అయిపోయాయి. బ్రిటిష్ వాళ్లకు డాలరేంటి అంటారా? హాంకాంగ్, సింగపూర్ వైపు వ్యాపారానికి మెక్సికో డాలర్లు చాలక, 1895 నుంచి వీటిని ఎక్కువగా మన బాంబే, కలకత్తా టంకశాలల్లోనే కొట్టారు. నా దాని మీద బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా వేసే స్త్రీమూర్తి) పట్టుకున్న త్రిశూలం మధ్య మొనలో చిన్న బి ఉంది, అంటే బాంబేది. అమ్మినాయనకే తెలియదు, నేనే చూపించాను.

వీటికి నకిలీలు కుప్పలు. అందుకని మెషిన్ టెస్ట్ చేయిద్దామని ఒక పెద్ద వెండి దుకాణానికి వెళ్లాను, అక్కడే పరువు పోయింది. కౌంటర్‌లో ఉన్నాయన నాణేన్ని వేలితో అటూ ఇటూ తిప్పి, "డాలర్ అమెరికాది కదా, దీని మీద చైనా అక్షరాలేంటి, ఎక్కడిది ఇది, ఆధార్ ఉందా?" అని మొదలుపెట్టాడు. పక్కన పట్టీలు కొంటున్న కుటుంబం మొత్తం నా వైపే చూస్తోంది. దాని మీద చిన్న గాటులాంటి ముద్ర ఉంది. అప్పట్లో చైనా వ్యాపారులు వెండి పరీక్షించి కొట్టిన ముద్రలవి, కొందరు వాటి కోసమే వెతికి కొంటారు. ఆయన మాత్రం "ఎవరో పొడిచేశారు, తూకం రేటే వస్తుంది" అని, మెషిన్ మాట వదిలేసి ఆకురాయి తీసి అంచు గీకబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "నకిలీది కాబట్టే గీకనివ్వట్లేదు" అని షాపంతా వినబడేలా అన్నాడు! వందేళ్లు దాటిన వస్తువును ఆకురాయితో గీకేవాడికి వెండి గురించి ఏం తెలుసని ఆ కుర్చీలో కూర్చోబెట్టారో.

ఇంటికొచ్చి నేనే చేసుకున్నా. పాయింట్ తర్వాత రెండు అంకెలు చూపించే చిన్న కాటా చాలు. నాణెం 26.90 గ్రాములు తూగింది (అసలు తూకం 26.95, అరుగుదల మామూలే). తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నటి దారంతో అడుగుకు, అంచులకు తగలకుండా నీళ్లలో వేలాడదీశాను. 2.61 చూపించింది. అది నాణెం పక్కకు నెట్టిన నీళ్ల బరువు. 26.90ని దానితో భాగిస్తే సాంద్రత, అంటే నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో వస్తుంది: 10.3. ఈ నాణెంలో ఉండాల్సిన తొంభై శాతం వెండికి రావలసింది అంతే. ఇత్తడికి పూత పూసినదైతే ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోయేది.

తోమమని ఎవరు చెప్పినా తోమకండి, సగం విలువ పోతుంది. 1935 నాటివి చాలావరకు కరిగించేశారు, ఎవరైనా ఆ సంవత్సరంది చవగ్గా ఇస్తానంటే దండం పెట్టి వచ్చేయండి. నాకిప్పుడు కలకత్తా సి ముద్రది కావాలి, ఈసారి కాటా, దారం జేబులో పెట్టుకునే వెళ్తా.