వేపచెట్టు నీడలో శనగ విత్తనం

నవంబరు, ఆదివారం.

వాన వెలిసి నల్లరేగడి పదునుకొచ్చింది, శనగ వేయాలని నాన్న రాత్రే ఫోన్ చేశాడు. కాలేజీ లేదు కాబట్టి పొద్దున్నే ఒంగోలులో బస్సెక్కి నాగులుప్పలపాడు దగ్గర మా ఊరికి వచ్చాను.

నేను వచ్చేసరికి బెల్లం నీళ్లు పొయ్యి దిగి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే చురుక్కుమంది. విత్తనానికి పట్టించే రైజోబియం అందులో కలపాలి, అది శనగ వేళ్లకు బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా. "ఇంత వేడిలో కలిపితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది నాన్నా, కాసేపాగు" అన్నాను. పదును పోతుందని నాన్నకు టెన్షన్. అయినా ఆగాడు. పూర్తిగా చల్లారాక 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్ చింపి కలిపాను. నల్లటి పొడి, తడిమట్టి వాసన. పట్టా మీది శనగలపై చల్లి రెండు చేతులతో పొర్లించాను. గింజ ముడతల్లోకి కూడా నలుపు పట్టేదాకా వదల్లేదు. తర్వాత పట్టాను వేపచెట్టు నీడలోకి లాగాం. మూడేళ్ల కిందట తొందరపడి ఎండలో ఆరబోశాం. ఆ ఏడు మొక్కలు పీకి చూస్తే వేళ్లకు బుడిపెలు దాదాపు లేవు. చదువుకున్నదాన్ని, నేనే చెప్పాల్సింది. ఆ బాధ ఇంకా ఉంది.

ఆరేదాకా అక్కడే కూర్చుంటే, క్లాసులో పిల్లలకు చెప్పే ఇంగ్లండ్ సర్రే విశ్వవిద్యాలయం వాళ్ల పని గుర్తొచ్చింది. 2023లో వాళ్లు బతికున్న బ్యాక్టీరియాతో పెయింట్ తయారుచేశారు. అందులో ఉన్నది ఎడారుల్లోనూ బతికే జాతి, క్రూకాక్సిడియాప్సిస్ క్యూబానా. పెయింట్‌లో వాడే మామూలు లేటెక్స్ ఆరేటప్పుడు రేణువులు అతుక్కుపోయి సందులు మూసుకుపోతాయి, లోపలి ప్రాణికి నీరూ గాలీ అందవు. అందుకని హాలాయ్‌సైట్ అనే బంకమట్టి కలిపారు. దాని రేణువులు కంటికి కనపడనంత సన్నటి గొట్టాలు. వాటివల్ల పొర ఆరినా సందులు మిగిలాయి. ఆ పూత నెల రోజులు ఆక్సిజన్ వదిలింది, 1 గ్రాము జీవపదార్థానికి రోజుకు 0.4 గ్రాముల దాకా. అందరూ ఈ అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ మట్టి గొట్టాలంటేనే ఇష్టం. పూత ఆరేటప్పుడు లోపలి ప్రాణాన్ని కాపాడటమెంత కష్టమో ఆ చెట్టు కింద కూర్చుంటే తెలుస్తుంది.

మధ్యాహ్నానికి గింజలు చేతికి అంటుకోకుండా విడివిడిగా ఆరాయి. సాయంత్రానికల్లా విత్తడం అయిపోయింది.

బస్సెక్కే ముందు నాన్నకు చెప్పాను, నలభై రోజులయ్యాక వస్తానని, అప్పటిదాకా మొక్క పీకొద్దని. బుడిపె చిదిమి లోపల, అది పనిచేస్తోందని చెప్పే గులాబీ రంగుందో లేదో ఇద్దరం కలిసే చూడాలి.