పిల్లలతో పల్లెకి వెళ్దామంటే ఏ ఊరు చూసుకోవాలి?

మా ఆయనకి వర్క్ ఫ్రమ్ హోమ్ పర్మనెంట్ అయ్యాక హైదరాబాద్ వదిలేసి గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా సెటిల్ అవుదాం అనుకున్నాం, పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడు. అందరూ గాలి, పచ్చదనం అంటారు గానీ నేను మాత్రం ముందు నీళ్ళు చూస్తున్నా. భీమవరం చుట్టుపక్కల ఊళ్ళు బాగా నచ్చాయి కానీ ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులే, ఒక ఇంట్లో బోరు నీళ్ళు ఎలా ఉంటాయి పిన్నిగారూ అని అడిగితే "ఆ నీళ్ళతో పప్పు ఉడకదమ్మా, తాగడానికి టిన్ను తెచ్చుకోవాల్సిందే" అనేశారావిడ.

తర్వాత స్కూలు. 2022లో ఆంధ్రాలో చాలా చోట్ల 3, 4, 5 తరగతుల్ని ఊళ్ళో బడి నుంచి తీసి హైస్కూల్లో కలిపారు, ఆ తర్వాత మళ్ళీ మార్చారు, అందుకే బడి ఉందా అంటే సరిపోదు, ఏ క్లాసు వరకు ఉంది, టీచర్లు ఎంతమంది అని అడగాలి. నేనైతే బడి బాత్రూంలో కుళాయి కూడా తిప్పి చూస్తా, నవ్వుకుంటే నవ్వుకోనీ.

ఇంకోటి పాములు. పొలం పక్కన ఇల్లంటే రక్తపింజరి భయం ఉంటుంది కదా, పీహెచ్‌సీలో పాముకాటు మందు ఉందా, రాత్రిపూట ఎవరైనా ఉంటారా అన్నది ముందే కనుక్కోవాలి. మా అత్తగారు మాత్రం వాస్తు చూశారా అంటున్నారు!

ప్రస్తుతానికి రావులపాలెం దగ్గర ఒక ఊరు అనుకుంటున్నాం, హైవే పక్కనే, రాజమండ్రి పెద్దాసుపత్రులకి గంటలో వెళ్ళిపోవచ్చు. ఇల్లు కూడా ఒకటి నచ్చింది, ఓనర్ డాలస్‌లో ఉంటాడట, అద్దెకిస్తాడో లేదో సంక్రాంతికి వస్తే గానీ తేలదు.