మా కళ్లంలో అర్థమైన సీ2

నిన్న ఏఎస్‌ఆర్‌బీ నెట్ (వ్యవసాయ యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) రిజల్ట్ వచ్చింది. అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌లో క్వాలిఫై అయ్యాను. ఆనందంతో రాత్రంతా నిద్ర పట్టలేదు.

ముందు, పోయిన అటెంప్ట్ సంగతి. 150కి 146 పెట్టేశాను. కీ చూసుకుంటే 85 రైట్, 61 తప్పు. ఒక్కో తప్పుకి మూడో వంతు మార్కు నెగటివ్ పోగా 64.67. ఓబీసీకి కావాల్సింది 67.5. నేను చదవలేదని ఊళ్లో అన్నవాళ్లున్నారు. చదివాను, తెల్లవారుజామున నాలుగింటికే లేచి చదివాను. కాకపోతే సాగు ఖర్చుని లెక్కకట్టే పద్ధతులు ఏ1, బీ2, సీ2 అన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టాను. ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి ఏదో ఒకటి పెట్టేశాను.

ఆ బాధతో ఆమదాలవలస దగ్గర మా ఊరికి వచ్చేశాను. నూర్పులు జరుగుతున్నాయి. నాన్నకి సొంతం రెండెకరాలు, కౌలుకి ఇంకో ఎకరన్నర. కళ్లంలోనే నోటుబుక్కు తీసి కూర్చున్నాను. విత్తనం, ఎరువు, దమ్ము ట్రాక్టరు, ఊడ్పు కూలీలు, ఇవన్నీ ఏ1. కౌలు బస్తాలకి ధర కట్టి కలిపితే ఏ2. ఇంటివాళ్ల పనికి కూలి వేస్తే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్, అంటే ఫ్యామిలీ లేబర్.

"మన కష్టానికీ లెక్క కడతారేట్రా?" అన్నాడు నాన్న.

అమ్మ కలుపు తీసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది: 23. ఆ పైన సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కలిపితే సీ2. మద్దతు ధరకి కేంద్రం ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్‌కి ఒకటిన్నర రెట్లు అంటుంటే, రైతు సంఘాలు సీ2 మీదే ఎందుకు పట్టుబడతాయో ఆ పూట తెలిసింది. ఆ తర్వాత కాస్ట్ ప్రశ్న ఒక్కటీ తప్పలేదు.

మిగతావీ అలాగే చదివాను. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఓస్ట్రోమ్ ఉమ్మడి వనరుల సిద్ధాంతాన్ని (అందరూ వాడుకునేవాటిని వాడేవాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరన్నది) మా చెరువు నీటి వంతులతో పోల్చుకున్నాను. స్టాటిస్టిక్స్‌కి పాత పేపర్లే.

ఈసారి 118 మాత్రమే పెట్టాను. 90 రైట్, 28 తప్పు, 80.67. మిగిలిన 32 ముట్టుకోలేదు. తెలియనిది వదలడానికి కూడా సాధన కావాలి, మాక్ టెస్టుల్లోనే ఆ పట్టు తెచ్చుకోండి. సిటీ కోచింగ్‌కి డబ్బుల్లేవని కుంగిపోకండి. నాకూ లేవు. రోజూ కూర్చోవడం మాత్రం మానకండి, పండగైనా సరే.

పీహెచ్‌డీలో కౌలు రైతుల ఖర్చుల మీదే పనిచేయాలని ఉంది. కాస్ట్ కాన్సెప్ట్స్‌లో ఎక్కడ ఆగినా అడగండి, ఆ నోటుబుక్కు చూసి చెప్తాను. అందులో అమ్మ 23 రోజులు ఎఫ్‌ఎల్ కింద మొదటి లైన్లోనే ఉన్నాయి.