కిడ్నీ రోగి దాంపత్యం: కొత్త బిళ్లకు ముందు పాత చీటీ

క్రియాటినిన్ ఎంతుంది, పొటాషియం పెరిగిందా, రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చు... కిడ్నీ డాక్టరు దగ్గర మగవాళ్లు ఇవన్నీ అడుగుతారు. భార్యతో కలవలేకపోతున్నానన్న మాట మాత్రం ఆసుపత్రి దాటాక మెడికల్ షాపు కుర్రాడి చెవిన పడుతుంది. అతను సిల్డెనఫిల్ (వయాగ్రా మందు) 100 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆ కాగితం విప్పకముందు చదవాల్సిన సంగతులివి.

డయాలసిస్ మీదున్న మగవాళ్లలో సగానికి పైగా ఈ ఇబ్బంది ఉంటుంది. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇది జబ్బులో భాగమే. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1-2 మిల్లీమీటర్లు, గుండె ధమనిది 3-4. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు మూడూ రక్తనాళాల లోపలి పొరనే పాడుచేస్తాయి. ఆ పొర తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గితే నాళం విచ్చుకోదు. సన్న గొట్టం ముందు పూడుతుంది కాబట్టి కొందరిలో గుండె నొప్పి కంటే కొన్నేళ్ల ముందే ఈ లక్షణం కనబడుతుంది. స్తంభన (అంగం గట్టిపడటం) తగ్గిందంటే గుండె పరీక్ష కూడా చేయించుకోవాలనేది అందుకే.

రెండోది హార్మోన్లు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. బాలింతలకు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ మగవాళ్లలోనూ కొంచెం ఉంటుంది. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే పేరుకుపోయి కోరికను చంపేస్తుంది. దీనికి తోడు హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్నవాడికి మెట్లెక్కితేనే ఆయాసం, ఇక పడకగదిలో ఓపిక ఎక్కడిది? రక్తం పట్టేందుకు ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్ సరిగ్గా పడి హిమోగ్లోబిన్ 10-11కి వచ్చాక కోరిక కూడా కొంత తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మందుల చీటీ తీయండి. గ్యాస్ బిళ్ల పేరు చివర 'డి' ఉంటే చాలాసార్లు అందులో డాంపెరిడోన్ ఉన్నట్టే. లెవోసల్పిరైడ్ కలిపిన గ్యాస్ బిళ్లలూ ఉన్నాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అదే కోవ. మూడూ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. డయాలసిస్ వాళ్లకు వికారం మామూలే కాబట్టి ఎప్పుడో వారానికని రాసినది ఏళ్ల తరబడి మింగుతూ ఉంటారు. మా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే, ఎందుకంటే ఆపడం తేలిక. బీపీ మందుల్లో అటెనలాల్, ప్రొప్రనలాల్, క్లోనిడిన్ స్తంభనను తగ్గించవచ్చు. స్పైరనోలాక్టోన్ వల్ల రొమ్ములు వాచి నొప్పి పెట్టవచ్చు. వీటిని మాత్రం సొంతంగా ఆపకండి. క్లోనిడిన్ ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మార్చే పని డాక్టరుది.

రక్తపరీక్షల్లో టెస్టోస్టిరాన్‌కు ఉదయం 10 లోపు రక్తం ఇవ్వాలి, తక్కువగా వస్తే మరో రోజు మళ్లీ చూడాలి. సాయంత్రం తీసిన రిపోర్టుతో ఇంజెక్షన్ మొదలుపెట్టేస్తారు కొందరు. టెస్టోస్టిరాన్ రక్తాన్ని చిక్కబరుస్తుంది. ఎరిత్రోపొయిటిన్ కూడా వేసుకుంటున్నవాళ్లకు గడ్డకట్టే ముప్పు గుర్తుండాలి. ప్రొలాక్టిన్, హిమోగ్లోబిన్, పారాథైరాయిడ్ హార్మోన్ కూడా అదే చీటీలో రాయించుకోవచ్చు.

ఇక బిళ్ల సంగతి. కిడ్నీ పనితనం (రిపోర్టులో eGFR అంకె) 30 కంటే తక్కువున్నవాళ్లు సిల్డెనఫిల్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి. షాపువాడిచ్చిన బిళ్ల దానికి నాలుగింతలు. గంట ముందు వేసుకోవాలి. బిర్యానీ తిన్నాక వేసుకుంటే ఆలస్యంగా ఎక్కుతుంది, పని చేయలేదనుకుని ఇంకోటి మింగడమే అసలు ప్రమాదం. ఇదే కోవలోని టడలాఫిల్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది: డయాలసిస్ వాళ్లకు 5 మిల్లీగ్రాములకు మించకూడదు, ఒకదానికీ ఇంకోదానికీ 72 గంటల ఎడం ఉండాలి. ఎక్కువైతే డయాలసిస్‌తో తీసేయొచ్చులే అనుకోకండి. ఇవి రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కుని ఉంటాయి, మెషీన్ వడకట్టలేదు.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గానీ, ఐసోసార్బైడ్ పేరున్న ఏ మందు గానీ వాడేవాళ్లు వీటి జోలికే పోకూడదు. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడుతుంది. బిళ్ల వేసుకున్నాక ఛాతీనొప్పి వస్తే అంబులెన్స్‌లో వచ్చినవాళ్లకు ఆ మాట మొదటే చెప్పాలి, భార్యకూ తెలిసుండాలి. బీపీకి ప్రజోసిన్, ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వాడుతున్నా డాక్టరును అడగాల్సిందే.

రోజు కూడా చూసుకోవాలి. మెషీన్ మీద రెండు మూడు లీటర్ల నీరు లాగించుకుని వచ్చిన సాయంత్రం బీపీ అసలే తక్కువ. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ అయితే శనివారం రాత్రి నయం. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేందుకు కలిపిన రక్తనాళం) ఉన్న చేతి మీద బరువు మోపకండి, మోచేయి మీద ఆనుకోవడం కూడా. పొట్ట డయాలసిస్ వాళ్లు ముందు నీటిని దించేసి, ట్యూబును ప్లాస్టరుతో ఒంటికి అంటించుకుంటే లాగుడు ఉండదు. స్తంభన కోసం వ్యాక్యూమ్ పంపు వాడేవాళ్లు హెపారిన్ (డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎక్కిన రోజున దాన్ని పక్కన పెట్టండి, చర్మం కింద రక్తం కమిలిపోతుంది.

లేహ్యాలు, చూర్ణాల గురించి ఒక్క మాటే. భస్మాల్లో పాదరసం, సీసం ఉంటే మిగిలిన కాస్త కిడ్నీ కూడా పోతుంది. రాత్రికి రాత్రి పనిచేసిందా, అందులో సిల్డెనఫిల్ కలిపారేమోనని అనుమానించాలి.

కిడ్నీ మార్పిడి అయ్యాక చాలామందిలో హార్మోన్లు దారికొస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లు సిరోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే మందు) వాడుతుంటే చెప్పాలి, అది వీర్యకణాలను తగ్గిస్తుంది. నెఫ్రైటిస్‌కు (కిడ్నీ వాపు జబ్బుకు) వీర్యకణాలను దెబ్బతీసే సైక్లోఫాస్ఫమైడ్ మొదలుపెట్టబోతుంటే, తొలి డోసుకు ముందే వీర్యం భద్రపరచడం గురించి అడగాలి. ఉద్దానంలో లాగా సంపాదించే వయసులోనే కిడ్నీ జబ్బు పట్టుకున్నచోట ఇది చిన్న విషయం కాదు.

డాక్టరు ముందు నోరు పెగలకపోతే మందుల చీటీ వెనక నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి: ఎన్నాళ్ల నుంచి, కోరిక ఉందా లేదా, ఉదయం లేవగానే స్తంభన వస్తోందా, ఈమధ్య ఏ మందు మార్చారు. ఉదయం వస్తోందంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టే. అప్పుడు వెతకాల్సింది మనసులోని దిగుల్ని, ఇంట్లోని ఒత్తిడిని.